సైకాలజీ సదివితే ఏటొస్తాది?

టెట్ నోటిఫికేషన్ పడిందంటే కాశీబుగ్గలో పుస్తకాల షాపుల ముందు బళ్ళు పెట్టుకోడానికి చోటుండదు. ఏ గైడు తెరిచినా ముందు కనిపించేది శిశు వికాసం. 150 మార్కుల పేపర్లో 30 మార్కులు దానివే కదా. ఇంద్రియ చాలక దశ, పూర్వ ప్రచాలక దశ, మూర్త ప్రచాలక దశ, అమూర్త ప్రచాలక దశ అంటూ పియాజె చెప్పిన నాలుగు దశల్నీ డాబా మీద అటూ ఇటూ తిరుగుతూ బట్టీ పట్టే గొంతులు తెల్లవారుజామునే వినిపిస్తాయి. కుక్క పావ్‌లోవ్‌ది, పిల్లి థారన్‌డైక్‌ది, ఎలుక స్కిన్నర్‌ది, చింపాంజీ కోహ్లర్‌ది. ఏ జంతువు ఏ శాస్త్రజ్ఞుడిదో మందస కుర్రాణ్ణి నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడ్డప్పుడు ఈ చుట్టుపక్కల ఊళ్ళలో సైకాలజీ చదవని ఇల్లు తక్కువ.

పలాస రైలు ఊరు కూడా. ఇక్కడ కుర్రాళ్ళు రైల్వే పరీక్షల గురించి మాట్లాడుకుంటుంటే మధ్యలో ‘సైకో’ అనే మాట పడుతుంది. సినిమాలో విలన్ గురించి కాదు. అసిస్టెంట్ లోకో పైలట్‌కీ, స్టేషన్ మాస్టర్‌కీ రాత పరీక్షలయ్యాక కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి పెట్టే ఆప్టిట్యూడ్ పరీక్ష అది. లోకో పైలట్‌కైతే జ్ఞాపకశక్తి, సూచనలు పాటించడం, దూరాన్నీ లోతునూ అంచనా కట్టడం, ఏకాగ్రత, చూసినదాన్ని వేగంగా పోల్చుకోవడం చూస్తారు. ప్రతి ఒక్క దాంట్లోనూ టీ-స్కోరు 42 రావాలి. ఏ కేటగిరీకీ సడలింపు లేదు. నాలుగింట్లో 60 వచ్చి ఐదోదాంట్లో 41 వస్తే ఇంటికే. ఈ టీ-స్కోరు సైకాలజీ వాళ్ళు వాడుకలోకి తెచ్చిన లెక్క. అందరి సగటునూ 50 దగ్గర నిలబెట్టి, నువ్వు ఆ సగటుకి ఎంత ఇటు ఉన్నావో ఎంత అటు ఉన్నావో చెబుతుంది. లక్నోలో ఉన్న రైల్వే పరిశోధనా సంస్థ ఆర్‌డీఎస్‌వోలో దీనికోసం సైకో-టెక్నికల్ డైరెక్టరేట్ అని ఒక విభాగమే పనిచేస్తోంది.

ఇక సైన్యం. జవానుగా వెళ్ళేవాడికి పరుగూ, రాతపరీక్షా. ఆఫీసరు కావాలంటే ఎస్సెస్బీ ఇంటర్వ్యూలో ఐదు రోజులు ఉండాలి. అందులో ఒక రోజు సైకాలజిస్టుది. బొమ్మ చూపించి కథ రాయమంటారు. ఒక్కోటి 15 సెకన్ల చొప్పున 60 మాటలు చూపించి, మొదట తట్టిన వాక్యం రాయమంటారు. అరగంటలో 60 సందర్భాలిచ్చి, నువ్వైతే ఏం చేస్తావంటారు. రాసినవాణ్ణి సైకాలజిస్టు ఆ కాగితాల్లోనే చూస్తాడు.

టీచరు, లోకో పైలట్, ఆర్మీ ఆఫీసరు. మన ఉద్దానం ఇళ్ళలో పిల్లల గురించి కనే కలలు చాలావరకు ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి. మూడింటి గుమ్మంలోనూ సైకాలజీ నిలబడి ఉంది. అలాంటిది, ఇంటర్ పాసైన పిల్ల ‘నేను సైకాలజీయే చదువుతాను’ అనేసరికి ఇంట్లో అన్నం దిగదు. ఎందుకు?

నేను బీఈడీ పిల్లలకు సైకాలజీ చెప్పినవాణ్ణి కాబట్టి ఇలాంటి ఇళ్ళవాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ఈమధ్య జీడి ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన వచ్చాడు.

“మాస్టారూ, మా గుంట ఇంటర్ అయ్యింది. బీటెక్ వద్దంది, నర్సింగూ వద్దంది. టెక్కల్లో ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, పొద్దున్నెల్లి సాయంత్రానికి ఇంటికొచ్చీయొచ్చు అన్నాను. ఇనదు. సైకాలజీ అంటంది. ఏటది? సదివితే ఏటొస్తాది?”

ఆయన అడిగిన రెండు ప్రశ్నల్లో మొదటిదానికి జవాబు సులువు. మనిషి ఎలా నేర్చుకుంటాడు, ఎలా మరిచిపోతాడు, ఎందుకు భయపడతాడు, నలుగురిలో ఒకలా ఒంటరిగా ఇంకొకలా ఎందుకుంటాడు అన్నవి కొలిచి చూసే శాస్త్రం. పిచ్చికి మందులు రాసే చదువు కాదు. మందులు రాసేది సైకియాట్రిస్టు. ఆయన ముందు ఎంబీబీఎస్, ఆపైన ఎండీ చదివిన డాక్టరు. సైకాలజిస్టు మందులు రాయడు. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్ల సగం గొడవ. “మీ అమ్మాయి పిచ్చాసుపత్రిలో పనిచేస్తుందా” అని పెళ్ళి సంబంధాల వాళ్ళు అడుగుతారేమోనన్న భయం కూడా ఆ తండ్రి గొంతులో వినిపించింది. నోటితో అనలేదంతే.

రెండో ప్రశ్నకే నాకు గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో చెప్పినదే ఇవాళ కొంచెం విడమరిచి మీకు చెప్తున్నాను.

సైకాలజీలో బీఏ గానీ బీఎస్సీ గానీ పాసైనంత మాత్రాన సైకాలజిస్టు అయిపోరు. ఈ మాట అడ్మిషన్ల సీజన్లో ఏ కాలేజీ కరపత్రంలోనూ ఉండదు. డిగ్రీ తర్వాత ఎంఏ లేదా ఎమ్మెస్సీ రెండేళ్ళు. అది చేశాక కౌన్సెలర్ ఉద్యోగాలకూ, నెట్ రాసి అధ్యాపక ఉద్యోగాలకూ అర్హత వస్తుంది. ఆసుపత్రిలో కూర్చుని రోగిని పరీక్షించి, ప్రజ్ఞాలబ్ధి కొలిచి సర్టిఫికెట్ మీద సంతకం పెట్టే క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే దానిపైన ఇంకో మెట్టుంది. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు చేసి, కౌన్సిల్ రిజిస్టరులో పేరు ఎక్కించుకోవాలి. ఇది 1992 నాటి చట్టం. రిజిస్టరులో పేరు లేకుండా ప్రాక్టీసు చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూనూ. ఆ వెయ్యి రూపాయలు 1992లో గట్టి మొత్తమే. ఇవాళ పలాసలో కిలో మంచి జీడిపప్పు ధరకి అటూ ఇటూగా ఉంటుంది. అందుకే కాబోలు, ఆ చట్టానికి భయపడేవాళ్ళు తక్కువ.

ఇన్నాళ్ళూ ఆ పైమెట్టు ఎం.ఫిల్. రెండేళ్ళు ఆసుపత్రిలో ఉండి నేర్చుకునే చదువు. బెంగళూరు నిమ్హాన్స్, రాంచీలోని సీఐపీ లాంటి చోట్ల ఒక్కో సీటుకి దేశమంతా పోటీ. కొత్త విద్యా విధానంలో యూజీసీ ఎం.ఫిల్ డిగ్రీనే తీసేసింది. క్లినికల్ సైకాలజీకి మాత్రం మినహాయింపు ఇచ్చి 2025–26 ప్రవేశాల వరకు గడువు పొడిగించింది. దాని స్థానంలోకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ కొత్త కోర్సుల్ని తెచ్చింది. అంటే నిచ్చెన మెట్లు మారుతున్న కాలంలో మన పిల్లలు ఎక్కుతున్నారు. ఏ సంవత్సరంలో చేరేవాళ్ళు ఆ సంవత్సరం కౌన్సిల్ వెబ్‌సైటులో ఏ కాలేజీకి ఏ కోర్సుకి గుర్తింపు ఉందో చూసుకోవాలి. అక్క చేసింది కదా అని చెల్లెలు అదే దారిలో వెళ్తానంటే ఆ దారి ఉండకపోవచ్చు.

పాత లెక్కనే తీసుకుందాం. డిగ్రీ మూడేళ్ళు, పీజీ రెండేళ్ళు, ఎం.ఫిల్ రెండేళ్ళు. ఇంటర్ తర్వాత ఏడేళ్ళు. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్పుతో కలిపి ఐదున్నరేళ్ళే. ఇది మన దేశంలోనే అనుకోకండి. అమెరికాలో లైసెన్సున్న సైకాలజిస్టు కావాలంటే సాధారణంగా డాక్టరేటే ఉండాలి. అక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్ళ పిల్లలు సరదాపడి సైకాలజీ మేజర్ తీసుకున్నా, డిగ్రీ చేతికొచ్చిన రోజున ఎదురయ్యేది ఈ ప్రశ్నే.

ఇదంతా విని ఆ తండ్రి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అంటే డిగ్రీ జీడిపిక్కన్నమాట. పప్పు అవ్వాలంటే ఇంకా సానా పనుంది” అన్నాడు. 80 కిలోల బస్తా లెక్కన పిక్కలమ్మే రైతుకి ఎంత మిగులుతుందో, వాటిని ఉడకబెట్టి, కొట్టి, ఎండబెట్టి, పొట్టు తీసి, గ్రేడు చేసి డబ్బాకెత్తేవాడికి ఎంత మిగులుతుందో ఆయనకి ఒకరు చెప్పాలా! ఆ వెంటనే అసలు ప్రశ్న వేశాడు.

“మరి ఆ మద్దిలో దాన్నెవుడు పోసిస్తాడు, మాస్టారూ?”

ఉద్యోగావకాశాల గురించి రాసేవాళ్ళు ఎప్పుడూ ముట్టుకోని ప్రశ్న ఇది. సైకాలజీకి భవిష్యత్తు ఉందా లేదా అని వాదించుకుంటారు. భవిష్యత్తు ఉంది, సరే. అక్కడిదాకా వెళ్ళేలోపు ఆ ఏడేళ్ళ హాస్టలు ఫీజు ఎవరిస్తారు? డబ్బున్న ఇంటి పిల్లకీ, జీడి ఫ్యాక్టరీలో రోజు కూలి మీద బతికే ఇంటి పిల్లకీ ఈ చదువు ఒకటే సిలబస్సు, రెండు వేరు వేరు సాహసాలు. “నీ మనసు ఏది చెబితే అది చదువు” అని వేదికల మీద చెప్పే వ్యక్తిత్వ వికాస నిపుణులు ఆ రెండో సాహసం సంగతి ఎత్తరు.

ఇంతకుముందు పేదింటి పిల్లలకు ఒక అడ్డదారి ఉండేది. అడ్డదారంటే తప్పుదారి కాదు, దగ్గరిదారి. కాశీబుగ్గలోనో టెక్కల్లోనో చిన్న ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో సైకాలజీ ఎంఏ చేసేవాళ్ళు. టీచర్లు చేశారు, నర్సులు చేశారు, పెళ్ళయి పిల్లలున్న ఆడవాళ్ళు చేశారు. 2025లో యూజీసీ ఆ దారి మూసేసింది. ఆరోగ్యరంగానికి చెందిన కోర్సులన్నిటితో పాటు సైకాలజీని కూడా దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ చెప్పకూడదని, ఆ జూలై–ఆగస్టు నుంచి కొత్త ప్రవేశాలు ఆపేయమని విశ్వవిద్యాలయాలను ఆదేశించింది. కారణం 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం. ఆ చట్టం సైకాలజిస్టునీ కౌన్సెలర్లనీ ఆరోగ్య వృత్తుల జాబితాలో చేర్చింది. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్చుకోవాల్సిన విద్యను పోస్టులో వచ్చే పుస్తకాలతో నేర్పకూడదన్నది న్యాయమే. నేను కాదనను. కానీ ఆ న్యాయం ఖరీదు ఎవరి మీద పడింది? విశాఖలో ఉన్న పిల్ల సిటీ బస్సెక్కి కాలేజీకి వెళ్తుంది. వజ్రపుకొత్తూరు పిల్ల ఊరు వదలాలి.

ఊరు వదిలితే మొదటి మజిలీ విశాఖపట్నమే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ, పారాసైకాలజీ విభాగం ఉంది. పేరు వినగానే దయ్యాలూ భూతాలూ గుర్తొస్తాయి గానీ, దాని వెనక పెద్ద కథ ఉంది. ఫిలాసఫీ చదివిన కోనేరు రామకృష్ణారావు గారు అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి పారాసైకాలజిస్టు జె.బి. రైన్ దగ్గర పనిచేసి, తిరిగొచ్చి 1960ల చివర్లో ఈ విభాగానికి పునాది వేశారు. తర్వాత ఆ విశ్వవిద్యాలయానికే వైస్-ఛాన్సలర్ అయ్యారు. 2011లో పద్మశ్రీ వచ్చింది. 2021లో పోయారు. ఆయన పరిశోధించిన అతీంద్రియ శక్తుల్ని నమ్మాలా వద్దా అన్నది వేరే చర్చ. నాకైతే నమ్మకం లేదు. కానీ కృష్ణా డెల్టాలో పుట్టిన ఒక తెలుగువాడు మనసు గురించి ప్రపంచంతో వాదనకు దిగి నిలబడ్డాడన్నది మన పిల్లలకు తెలిస్తే బాగుంటుంది. అక్కడ సీటు పీజీసెట్ రాసి తెచ్చుకోవచ్చు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హెల్త్ సైకాలజీకి ప్రత్యేకంగా ఒక కేంద్రమే ఉంది.

ఆ హెల్త్ సైకాలజీ అన్న మాట దగ్గర ఆగుదాం. ఎందుకంటే మన ఉద్దానం గురించి చెప్పాల్సింది ఇక్కడే ఉంది.

ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఈ తీరమంతా కిడ్నీ జబ్బు గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. షుగరు లేదు, బీపీ లేదు, అయినా మూత్రపిండాలు పాడవుతాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రీ, కిడ్నీ పరిశోధన కేంద్రమూ ప్రారంభమయ్యాయి. డయాలసిస్ చేయించుకునేవాళ్ళకు నెలకు 10,000 రూపాయల పింఛను వస్తోంది. సోంపేట, కవిటి, పలాసల్లో డయాలసిస్ యంత్రాలు నడుస్తున్నాయి. యంత్రం వచ్చింది, డాక్టరు వచ్చాడు, పింఛను వచ్చింది. ఇక ఆ రోగి ఇంటికి వెళ్ళాక ఏమవుతుందో చూడండి.

డయాలసిస్ మీద ఉన్నవాడు నీళ్ళు కొలుచుకుని తాగాలి. మే నెలలో, ఉప్పుగాలిలో, తోటలో పని చేసిన ఒంటికి దాహం వేస్తే గ్లాసు కొలుచుకోవాలి. రక్తంలో పొటాషియం పెరిగితే గుండెకే ముప్పు. అందుకని కొబ్బరి నీళ్ళు తాగొద్దంటారు. పనసపండు తినొద్దంటారు. జీడిపప్పు జోలికి పోవద్దంటారు. ఒకసారి ఆలోచించండి. కొబ్బరి, పనస, జీడి. ఉద్దానం అంటేనే ఈ మూడూ. తాత నాటిన చెట్టు కాయని మనవడు ముట్టుకోకూడదు. “తాగొద్దు” అని డాక్టరు ఒక్క ముక్కలో చెప్పేస్తాడు, ఆయన వెనక వరసలో ఇంకా నలభై మంది ఉంటారు. ఆ ‘వద్దు’తో రోజూ ఎలా బతకాలో, తప్పి తాగినప్పుడు దాచకుండా ఎలా చెప్పాలో, ఇంటి మగవాడు మంచాన పడితే భార్య తన భయాన్ని ఎక్కడ దించుకోవాలో, ‘ఉద్దానం సంబంధమా’ అని వెనక్కి వెళ్ళిపోయిన పెళ్ళివారి మాట ఆ ఇంటి ఆడపిల్ల ఎలా మింగాలో చెప్పే మనిషి వేరే కావాలి. హెల్త్ సైకాలజీ అంటే అదే. చెప్పిన మందు రోగి ఎందుకు వేసుకోడు, చెప్పిన పథ్యం ఎందుకు తప్పుతాడు అన్నది అందులో ఒక పెద్ద అధ్యాయం.

తుపాన్ల సంగతి చూడండి. 2018 అక్టోబరు 11 తెల్లవారకముందే తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. అధికారులు వచ్చి కూలిన చెట్లు లెక్కరాసుకున్నారు, పరిహారం ఇచ్చారు. కొబ్బరి మొక్క మళ్ళీ కాపుకొచ్చేదాకా ఎదురుచూసిన ఆ ఏళ్ళలో గాలి విసిరినప్పుడల్లా ఉలిక్కిపడి లేచి కూర్చున్న మనుషుల లెక్క ఎవరి దగ్గరా లేదు. 1999 ఒడిశా మహా తుపాను తర్వాత, 2004 సునామీ తర్వాత నిమ్హాన్స్ వాళ్ళు బాధితుల మనసుల మీద పనిచేసి, ఊళ్ళో ఉండే వాలంటీర్లకే ఆ పని నేర్పించారు. అలాంటి పని మనకి అక్కర్లేదా? 2025 నవంబరు 1న, కార్తీక ఏకాదశి నాడు మన కాశీబుగ్గలోనే వేంకటేశ్వరస్వామి గుడి దగ్గర తొక్కిసలాటలో ప్రాణాలు పోయాయి. పోయినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఆ గుడి మెట్ల మీద నుంచి బతికి ఇంటికొచ్చినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళతో కూర్చుని మాట్లాడే మనిషి కూడా కావాలి.

ఇక్కడి వరకు విన్నవాళ్ళకు, “ఇంత అవసరం ఉందన్నమాట, ఇంకేం, ఉద్యోగాలకు లోటేమిటి” అనిపిస్తుంది. అక్కడే చాలామంది పిల్లలు బోల్తా పడుతున్నారు. అవసరం వేరు, ఉద్యోగం వేరు. అవసరాన్ని జబ్బు పుట్టిస్తుంది, పేదరికం పుట్టిస్తుంది. ఉద్యోగం మాత్రం ఎవరో ఒకరు జీవో ఇచ్చి, బడ్జెట్టు పెట్టి, పోస్టు మంజూరు చేస్తేనే పుడుతుంది. 2015–16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక ఇబ్బంది ఉందని తేలింది. జబ్బును బట్టి వందలో డెబ్భై నుంచి తొంభై మందికి పైగా వైద్యం అందడం లేదనీ తేలింది. 12 రాష్ట్రాల్లో చేసిన ఆ సర్వేలో మన రాష్ట్రం లేదు, అది వేరే సంగతి. ఈ అంకెల్ని చూపించి “చూశారా, ఎంత డిమాండో” అని కోర్సులు అమ్మేవాళ్ళున్నారు. వైద్యం అందని వాళ్ళందరూ ఫీజు ఇచ్చుకోగలవాళ్ళు కారు. వాళ్ళ తరఫున ఫీజు ఇచ్చేవాడు రావాలి.

కొన్నాళ్ళుగా ఆ ఇచ్చేవాడు కొద్దికొద్దిగా కదులుతున్నాడు. 2023లో బెంగాల్ నుంచి విశాఖకి వచ్చి నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక పదిహేడేళ్ళ పిల్ల చనిపోయింది. ఆ కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2025 జూలై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా తీర్పు ఇస్తూ, విచారణను సీబీఐకి అప్పగించడంతో ఊరుకోలేదు. దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చారు. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా శిక్షణ పొందిన ఒక కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలన్నది ఆ మార్గదర్శకాల్లో ఒకటి. చట్టం వచ్చేవరకు ఇదే చట్టం. కాశీబుగ్గ నుంచి టెక్కలి దాకా వంద మంది దాటిన బడులూ, కాలేజీలూ, కోచింగ్ సెంటర్లూ ఎన్నున్నాయో మీరే లెక్కపెట్టుకోండి. వాటన్నిటిలో నిజంగా మనిషిని పెడితే మన జిల్లాకి కావలసినంతమంది సైకాలజీ పట్టభద్రులు మన జిల్లాలో లేరేమో. పెడతారా? పీఈటీ మాస్టారికే “కౌన్సెలర్” అని ఇంకో బోర్డు తగిలించి తనిఖీ దాటించేసే బడులుండవని నేను అనుకోను. ఆ బోర్డు కింద ఎవరు కూర్చున్నారని తల్లిదండ్రులు అడిగినచోట పోస్టు పుడుతుంది. అడగనిచోట బోర్డే ఉంటుంది.

ప్రస్తుతానికి ఉన్న పోస్టులు ఏవో చెప్తాను, వినండి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో క్లినికల్ సైకాలజిస్టు. టెలీ-మానస్‌లో ఫోను కౌన్సెలర్లు. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ సేవ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులుండవు. ఉద్యోగం మాట ఎలా ఉన్నా, మనసు బాగోలేనివాళ్ళు ఈ నంబరు రాసుకోండి. ప్రభుత్వాసుపత్రుల్లో హెచ్ఐవీ పరీక్షా కేంద్రాల కౌన్సెలర్లు. హింసకు గురైన ఆడవాళ్ళ కోసం పెట్టిన వన్ స్టాప్ సెంటర్లలో, జిల్లా బాలల సంరక్షణ విభాగంలో కౌన్సెలర్లు. వీటిలో చాలావాటికి సైకాలజీ చదువు పనికొస్తుంది. కానీ ఎక్కువ భాగం కాంట్రాక్టువో, ఔట్‌సోర్సింగువో. ఏటేటా రెన్యూవల్ కోసం ఎదురుచూడాలి. ఎదుటివాళ్ళ ఆందోళన తగ్గించే ఉద్యోగి మార్చి నెల వస్తే తన ఆందోళనతో నిద్రపోడు. ఇది కౌన్సెలర్ల తప్పు కాదు. ఈ పనిని అవసరమైన పనిగా ప్రభుత్వాలు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

ప్రైవేటు కంపెనీల్లో హెచ్ఆర్ ఉద్యోగాలు ఉంటాయంటారు. విశాఖలో, హైదరాబాదులో ఉంటాయి, అదీ పైన ఎంబీఏ చేస్తే. పలాస జీడి ఫ్యాక్టరీల్లో హెచ్ఆర్ డిపార్ట్‌మెంట్ ఉండదు, మేస్త్రీ ఉంటాడు. సొంతంగా ప్రాక్టీసు పెట్టుకుందామంటే, చదువుకు తగ్గ రిజిస్ట్రేషను వచ్చాక పెట్టుకోవచ్చు. నెలరోజుల సర్టిఫికెట్ కోర్సు చేసి, పేరు పక్కన ‘సైకాలజిస్ట్’ అని ఫ్లెక్సీ కొట్టించుకునేవాళ్ళ దారిలో మాత్రం వెళ్ళొద్దు. శనాదివారాల్లో హిప్నాటిజం నేర్పి సర్టిఫికెట్టు చేతిలో పెట్టేవాళ్ళకు ముప్పై వేలు పోసే బదులు ఆ డబ్బు పీజీ హాస్టలుకు దాచుకోవడం మేలు.

ఇప్పటికే డిగ్రీ రెండో ఏడో మూడో ఏడో చదువుతూ బెంగపెట్టుకున్న పిల్లలకు రెండు మూడు మాటలు. మీకు నిజంగా ఇష్టమైంది పిల్లలతో పనైతే, స్పెషల్ ఎడ్యుకేషన్‌లో బీఈడీ ఉంది. అదీ రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉన్నదే కావాలి. మన మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలు మీరు చూసే ఉంటారు. డీఎస్సీలో కూడా స్పెషల్ ఎడ్యుకేషన్ పోస్టులు ఇప్పుడు పడుతున్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఈ చదువులకు పేరున్నది. నా మటుకు నాకు ఉద్దానం పిల్లలకు తక్కువ కాలంలో, తక్కువ ఖర్చుతో కాళ్ళ మీద నిలబడే దారి ఇదేననిపిస్తుంది. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లాణ్ణి ఇంట్లో పెట్టుకుని బరంపురం, విశాఖ తిరిగే తల్లుల్ని చూసినవాళ్ళకు ఆ పని విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడే చేరుతున్నవాళ్ళైతే, మన రాష్ట్రంలో 2023–24లో డిగ్రీకి ఒకే మేజరు, దానితో ఒక మైనరు అన్న పద్ధతి వచ్చింది. సైకాలజీ మేజరైతే మైనరు కళ్ళు మూసుకుని తీసుకోకండి. రేపు మామూలు బీఈడీకి వెళ్ళాలనిపిస్తే ఏ సబ్జెక్టులు చదివితే ఏ మెథడాలజీ ఇస్తారో ఇప్పుడే కనుక్కోండి. బళ్ళో సైకాలజీ అనే సబ్జెక్టు లేదు కాబట్టి, ఆ మేజరు ఒక్కదాన్నే నమ్ముకుంటే స్కూలు అసిస్టెంటు తలుపు దగ్గర చిక్కు వస్తుంది. గ్రూప్స్ రాసేవాళ్ళకు ఏ డిగ్రీ అయినా ఒకటే. సివిల్స్ మెయిన్స్‌లో సైకాలజీ ఆప్షనల్‌గా ఉంది.

డిగ్రీ ఒకటి, బతుకుతెరువు ఇంకొకటి అవడం మన జిల్లాలో కొత్తా? శ్రీకాకుళంలో పుట్టిన రావిశాస్త్రి గారు చదివింది ఫిలాసఫీ, చేసింది వకీలు పని. ‘అల్పజీవి’లో సుబ్బయ్య భయాన్ని ఆయన రాసినట్టు ఏ సైకాలజీ పాఠ్యపుస్తకమూ రాయలేదు.

ఆ జీడి ఫ్యాక్టరీ తండ్రికి చివరికి నేనిచ్చిన సలహా చెప్తాను. అమ్మాయిని చేర్పించమన్నాను. ఒక్క షరతు పెట్టాను. రెండో ఏడాది అయ్యేసరికి తను పీజీకి వెళ్తుందా, స్పెషల్ బీఈడీకి వెళ్తుందా, గ్రూప్స్‌కి కూర్చుంటుందా అన్నది తేల్చుకోవాలి. మూడేళ్ళూ తేల్చుకోకుండా డిగ్రీ చేతిలో పెట్టుకుని ఇంటికొస్తే అప్పుడు బెంగపడటంలో అర్థం ఉంటుంది. ఈలోగా వేసవి సెలవుల్లో అనుమతి అడిగి పలాస డయాలసిస్ వార్డులో వారం రోజులు ఊరికే కూర్చుని రోగుల మాటలు వినమన్నాను. విని పారిపోయి వస్తే ఏడేళ్ళ ఫీజు మిగిలినట్టే. ఆయన తలూపాడు గానీ, పీజీ హాస్టలుకు నెలకెంతవుతుందో, ఆడపిల్లల హాస్టలు యూనివర్సిటీ లోపలుంటుందా బయటుంటుందా అని అడిగి, ఆ లెక్క జేబులోని బీడీకట్ట కాగితం మీద రాసుకుని మరీ వెళ్ళాడు.